చంటిబిడ్డయు చనుబాలును



భాగవత దశమస్కంధమును చదివిన గృహిణులెవ్వరును మరువజాలని ఘట్టమొకటి కలదు. యశోదాదేవి కవ్వమునాపి, చిన్నికృష్ణుని ఒడిలో నిడుకొని చన్నిచ్చుచుండగా, పొయ్యిమీది పాలు పొంగెను. ఆమె కడుపునిండని బిడ్డను దింపి పొయ్యియొద్దకు పరుగెత్తెను. బిడ్డ అలిగి కుండ పగులగొట్టెను. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద ఈ ఘట్టమును చదువుకొన్నప్పుడు వెన్నదొంగ అల్లరికి నవ్వుకొంటినే గాని, అందులోని చిక్కును నేనెరుగను. ఇద్దరు బిడ్డల తల్లినైన పిదప తెలిసికొంటిని. యశోదనే ఒకవైపున బిడ్డయు ఒకవైపున పొయ్యియు లాగినవి. ఇక మనబోటివారి మాట చెప్పనేల?

"చన్నిచ్చుట స్త్రీకి పుట్టుకతో వచ్చిన విద్య, దానిని వేరుగా నేర్పవలయునా?" అని పెద్దలందురు. ఈ మాట సగమే నిజము. పాలు పుట్టుట ప్రకృతిధర్మము. బిడ్డను పట్టుకొనుటయు, నోటికందించుటయు, నొప్పి కలిగినప్పుడు దాని కారణమును గుర్తించుటయు నేర్చుకొనవలసిన పనులే. పూర్వము ఉమ్మడి కుటుంబములలో అక్కలును వదినలును పాలిచ్చుచుండగా ఆడపిల్లలు చూచి నేర్చుకొనెడివారు. నేడు ఆలుమగలిద్దరే యుండు కాపురములలో, తనకు బిడ్డ పుట్టువరకు పసికందును చేతబట్టి యెరుగని వారనేకులు. అట్టివారికొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను. నేను వైద్యురాలను గాను. ఒక బడిపంతులుగారి ఇల్లాలిని. అయినను తప్పులు చేసి నేర్చుకొన్నదానను. నేర్చుకొన్నదానిని తెలిసిన వైద్యులవలన సరిచూచుకొన్నదానను.

నా తొలి అనుభవము

నా తొలికాన్పు ఒక పట్టణపు వైద్యశాలలో జరిగెను. ఆపరేషను చేసి బిడ్డను తీసిరి. నాకు మెలకువ వచ్చునప్పటికే వానికి సీసాతో డబ్బాపాలు పట్టియుండిరి. "తల్లికింకను పాలు పడలేదు" అని వారి సమాధానము. మూడవనాటికి నా రొమ్ములు రాళ్ళవలె గట్టిపడెను. బిడ్డను దగ్గరకు తీసికొన్నచో, సీసాకు అలవాటుపడిన ఆ పసినోరు చనుమొన కొసను మాత్రమే పట్టి, నాలుగుసార్లు నొక్కి, ఏడ్చి, పెడమొగము పెట్టెను. వారము తిరుగకముందే చనుమొనలు పగిలి నెత్తురు చిమ్మెను. బిడ్డ ఆకలికి ఏడ్చినంతనే నాకు వణుకు పుట్టెడిది. చూడవచ్చిన చుట్టములు "పాపము, దీనికి పాలు లేవు" అని జాలిపడిరి. ఆ మాట వినగా వినగా నేనును నమ్మితిని. నెల దాటునప్పటికి బిడ్డ కేవలము సీసాపాలమీదనే యుండెను.

రెండవ నెలలో వానికి విరేచనములు పట్టుకొనెను. కన్నులు గుంటలుపడి, మాడు లోతుకు దిగి, ఒక పూటంతయు మూత్రము రాలేదు. రెండు రాత్రులు ఆసుపత్రిలో సెలైను ఎక్కించిరి. సీసాను, దాని రబ్బరు మూతిని శుభ్రపరచుటలో లోపముండి యుండవచ్చునని అచ్చటి వైద్యుడు చెప్పెను. దైవకృపవలన బిడ్డ బ్రతికెను. ఇప్పుడు వాడు ఆరవ తరగతి చదువుచున్నాడు. కాని ఆ రెండు రాత్రులను నేను మరువలేదు. నాకు పాలు లేకపోలేదు. పాలిచ్చు తీరు తెలియలేదు. అడిగి తెలిసికొనుటకు సిగ్గు అడ్డము వచ్చెను. ఆ సిగ్గు ఇంకొక తల్లికి అడ్డుపడరాదనియే నా యీ ప్రయత్నము.

ముర్రుపాలు

బిడ్డ పుట్టిన గంటలోపల తల్లి రొమ్మును అందింపవలయుననియు, మొదటి ఆరునెలలు తల్లిపాలు తప్ప మరేమియు, తుదకు మంచినీరైనను, ఈయవలదనియు, పిమ్మట ఇతరాహారముతోపాటు రెండేండ్లవరకు, ఇష్టమైనచో ఆపైనను, పాలీయవచ్చుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థవారి ఉపదేశము. వైద్యుడు వ్రాసిన మందులును, విటమిను చుక్కలును మాత్రమే ఇందుకు మినహాయింపు. ఆపరేషను జరిగిన తల్లియైనను తెలివి వచ్చి, బిడ్డ కులాసాగా నున్నచో, ప్రక్కన నిలిచినవారి సాయముతో పాలీయవచ్చును.

మొదటి రెండు మూడు దినములలో వచ్చు ముర్రుపాలు చిక్కగా, పసుపుపచ్చగా, కొలదిగా నుండును. "ఇవి చెడుపాలు, పిండి పారబోయుడు" అను పెద్దలింకను కలరు. అది పెద్ద పొరపాటు. రోగములనుండి కాపాడు పదార్థములు ఈ పాలలో మెండు. బిడ్డ కడుపులోని తొలి నల్లని మలము వెడలుటకును ఇవి తోడ్పడును. కొంచెమే వచ్చుచున్నవని దిగులు వలదు. మొదటినాడు బిడ్డ కడుపు ఒక్కొక్కసారికి పట్టునది ఒక చెంచాడు మాత్రమే.

ఇచ్చట ఒక మాట మనవి చేయవలయును. సుశ్రుతసంహితయందు, తల్లికి మూడు నాలుగు దినములకు గాని పాలు దిగవనియు, అంతవరకు శిశువునకు తేనెయు నేయియు నాకింపవలయుననియు చెప్పబడినది. ప్రాచీన గ్రంథములను గౌరవించు ఇంట పుట్టి పెరిగినదానను గనుక నాకును ఈ విషయమున మనస్సు కొంత తటపటాయించెను. కాని తేనెయందు ఒకానొక సూక్ష్మజీవి బీజములుండవచ్చుననియు, ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో అవి మొలకెత్తి విషము పుట్టించి కండరములను చచ్చుపడజేయుననియు నేటి వైద్యులు కనుగొనిరి. ఆ మహర్షి కాలమున ఈ సూక్ష్మజీవులను చూపు సాధనములు లేవు. తెలిసిన పిమ్మట మానుకొనుట పెద్దలను ధిక్కరించుట గాదు. తేనె, ఆముదము, వస, పంచదారనీరు మున్నగునవి పసినోటికి తగవు.

పాలు చేపుట

ఆ సుశ్రుతుడే చెప్పిన ఇంకొక విషయము మాత్రము నేటికిని చెక్కుచెదరలేదు. బిడ్డను తాకినను, చూచినను, తలచుకొన్నను తల్లికి పాలు స్రవించుననియు, కోపము శోకము మొదలగు వానిచే పాలు తగ్గుననియు ఆయన వ్రాసెను. మన పల్లెలలో దీనిని "చేపుట" యందురు. దూడ పొదుగు కుడుచునప్పుడు ఆవు చేపునట్లే తల్లియు చేపును. బిడ్డ చీకునప్పుడు తల్లి మెదడునుండి రెండు రసములు రక్తములోనికి వచ్చును. ప్రొలాక్టిన్ అనునది పాలను తయారుచేయించును. ఆక్సిటోసిన్ అనునది తయారైన పాలను వెలికి త్రోయును. భయము, నొప్పి, అవమానము రెండవదానిని అణచును. కనుకనే "నీకు పాలు లేవు" అనుమాటయే పాలను ఆపగలదు.

ఎంత త్రాగిన అంత ఊరుననునది మూలసూత్రము. చెలమనుండి నీరు తోడినకొలది ఊరును గదా! రొమ్ము నిండియే యుండినచో శరీరము పాలను తగ్గించును. కావున గడియారము చూచి గాక బిడ్డను చూచి పాలీయవలయును. మొదటి వారములలో పగలు రేయి కలిపి ఎనిమిది మొదలు పండ్రెండు మారులు ఈయవలసి యుండును. రాత్రివేళ మొదటి రసము ఎక్కువగా పుట్టును గనుక రాత్రిపాలు మానరాదు. ఏడ్పు ఆకలికి కడపటి గుర్తు. నోరు తెరచి తల ఇటునటు త్రిప్పుట, పిడికిలి నోట పెట్టుకొనుట మొదటి గుర్తులు; అప్పుడే అందింపవలయును.

బిడ్డను పట్టు విధము

పాలిచ్చుటలోని చిక్కులలో పెక్కింటికి మూలము బిడ్డ సరిగా పట్టకపోవుటయే. తల్లి వీపునకు ఆనుడు చేసికొని, నొప్పిలేకుండ కూర్చుండవలయును. బిడ్డ మొగమును పొట్టయు తల్లివైపునకే తిరిగియుండవలయును. చెవి, భుజము, తుంటి ఒకే వరుసలో నుండవలయును. మెడ త్రిప్పి త్రాగుట మనకైనను కష్టమే గదా! తల్లి బిడ్డమీదికి వంగరాదు. బిడ్డనే రొమ్ముకడకు తేవలయును. చనుమొనను బిడ్డ పైపెదవికి తాకించినచో నోరు పెద్దదిగా తెరచును. ఆవులించునంతగా తెరచినప్పుడు దగ్గరకు హత్తుకొనవలయును.

సరిగా పట్టిన గుర్తులివి: గడ్డము రొమ్మునకానియుండును, క్రిందిపెదవి వెలుపలికి మడిగియుండును, చనుమొన చుట్టునుండు నల్లని వలయము బిడ్డ క్రిందిపెదవి వైపున చాలవరకు నోటిలోనికి పోయి, పైపెదవి వైపున మాత్రమే ఎక్కువగా కనబడును, బుగ్గలు లోతుకు పోక నిండుగా నుండును, మొదట వడివడిగా చీకి, తరువాత నిదానముగా గుటకలు వేయును. తల్లికి మొదటి క్షణములలో లాగినట్లుండవచ్చును గాని ఎడతెగని నొప్పి యుండరాదు. నొప్పియున్నచో, చిటికెనవ్రేలిని బిడ్డ నోటి మూలనుండి మెల్లగా దూర్చి, పట్టు విడిపించి, మరల పట్టింపవలయును. నోటినుండి ఊడబెరికినచో చనుమొన చీరుకొనును.

చనుమొనలు పగిలినప్పుడు

పగిలిన చనుమొనకు ముందుగా వేయవలసిన మందు పైన చెప్పిన సరియైన పట్టే. తక్కువ నొప్పిగా నున్న వైపు ముందుగా ఈయవలయును. పాలిచ్చిన పిదప రెండు చుక్కల పాలనే చనుమొనకు పూసి, గాలికి ఆరనీయవలయును. సబ్బుతో మాటిమాటికి కడుగుట, గరుకు బట్టతో తుడుచుట కూడదు. భరింపరాని నొప్పియైనచో ఒకటి రెండుమారులు చేతితో పిండి, గిన్నెతో పట్టి, మరల రొమ్మునకు అలవాటు చేయవలయును.

కొందరికి చనుమొనలు చదునుగానో లోపలికి పోయియో యుండును. దానికై బెంగ వలదు. బిడ్డ చనుమొనను గాక దాని చుట్టునుండు భాగమును పట్టును గనుక వీరిలో పెక్కుమంది కొన్నిదినముల ఓర్పుతో చక్కగా పాలీయగలరు. బాగుగా పట్టించినను నొప్పి తగ్గనిచో బిడ్డ నోరు చూపింపవలయును. నాలుకపై తుడిచినను పోని తెల్లని పొర యున్నచో అది బూజు జాతి తెగులు. తల్లికిని బిడ్డకును కూడ మందు వాడవలసి యుండును. కొందరి నాలుక క్రింది తంతువు పొట్టిగా నుండి నాలుక చాపనీయదు. అదియు వైద్యుడు చూచి నిర్ణయింపవలసినదే.

రొమ్ములు గట్టిపడినప్పుడు

మూడవ నాలుగవ దినములలో పాలు ఒక్కసారిగా పడి రొమ్ములు బరువెక్కుట సహజము. బిడ్డ తరచుగా త్రాగినచో ఒకటి రెండు దినములలో సర్దుకొనును. త్రాగకున్నచో చర్మము బిగిసి, మెరసి, సలుపు పుట్టును. రొమ్ము బిగిసియుండుటచే బిడ్డ పట్టలేదు. పట్టలేమిచే మరింత బిగియును. అప్పుడు చేయవలసినది: పాలిచ్చుటకు ముందు కొలదిసేపు గోరువెచ్చని తడిబట్ట వేసి, చనుమొన చుట్టునుండు భాగము మెత్తబడునంతమాత్రము పాలను పిండి, వెంటనే బిడ్డకు ఈయవలయును. త్రాగిన పిదప చల్లనినీట తడిపిన బట్ట వేసినచో వాపు తీయును.

మల్లెపూలను గూర్చి ఒక హెచ్చరిక. రొమ్ములకు మల్లెపూలు కట్టినచో పోటు తగ్గునని మన స్త్రీలకు తరతరములుగా తెలియును. తగ్గుట నిజమే, కాని పాలే ఆరిపోవుటవలన తగ్గును. బిడ్డ దక్కని తల్లులకు పాలు ఆరుటకై మల్లెపూలు కట్టించి చూచిన దక్షిణదేశపు వైద్యులు, అవి పాలను అణచుననియే 1988లో ప్రకటించిరి. కావున పాలీయదలచిన తల్లి ఆ పూలను తలలో తురుముకొనవచ్చును గాని రొమ్మునకు కట్టుకొనరాదు.

జ్వరముతోడి వాపు

రొమ్ములో ఒకచోట గడ్డవలె ఏర్పడి, పైచర్మము ఎర్రబారి, చలిజ్వరము వచ్చినచో పాలగడ్డకు తొలిమెట్టని తెలియవలయును. "జ్వరపు పాలు బిడ్డకు విషము" అని మాన్పించుటయే మనవారు చేయు మొదటి పొరపాటు. ఆ పాలవలన బిడ్డకు కీడు లేదు. ఒక్కసారిగా ఆపినచో గడ్డ ముదురును. ఎప్పటివలెనే పాలిచ్చుచు, విశ్రాంతి తీసికొనుచు, చల్లని బట్ట వేయుచుండవలయును. గట్టిగా మర్దించుట, నూనె రాసి పిసుకుట హాని. ఒకనాటిలో తగ్గకున్నను, జ్వరము హెచ్చుచున్నను వైద్యునియొద్దకు పోవలయును. పాలిచ్చు తల్లులకు తగిన మందులు వారి యొద్ద కలవు. చీముపట్టువరకు నాటువైద్యముతో కాలము గడిపినవారు కత్తివాత బడుదురు.

"పాలు చాలుట లేదు"

తల్లులనోట నేను తరచుగా వినుమాట ఇదియే. కడచిన శ్రావణమాసమున మా ప్రక్కయింటివారి అమ్మాయి పురిటికై పుట్టింటికి వచ్చెను. పదునాలుగవనాడు కంటనీరు పెట్టుకొని నాతో, "అక్కయ్యగారూ, నాకు పాలు ఎండిపోయినవండీ. రొమ్ములు మెత్తబడినవి. పాప గంటగంటకు ఏడ్చుచున్నది. అత్తగారు డబ్బా పంపినారు, నేడు కలుపుదుమని అమ్మ చెప్పుచున్నది" అనెను.

"నిన్న ఎన్ని బట్టలు తడిపినదమ్మా?" అని అడిగితిని.

"ఎనిమిది మార్చితినండీ."

"విరేచనము?"

"పచ్చగా నాలుగుమారులు."

"త్రాగిన పిదప పట్టు విడిచి నిద్రపోవునా?"

"పోవునుగాని సాయంకాలము మాత్రము ఎంత ఇచ్చినను ఊరుకొనదు."

ఇద్దరమును పాపను అంగనవాడికి తీసికొనిపోయి తూయించితిమి. పుట్టినప్పుడు 2 కిలోల 800 గ్రాములు. ఆనాడు 2 కిలోల 950 గ్రాములు. "ఇంకేమి కావలయునమ్మా! నీ పాలు చాలకున్నచో ఈ 150 గ్రాములు ఎక్కడనుండి వచ్చినవి?" అంటిని. ఆమె నవ్వినది. డబ్బా తెరువకయే అటకెక్కెను.

పాలు చాలుచున్నవనుటకు ఏడ్పు కొలత గాదు. ఈ క్రిందివి కొలతలు. ఐదారు దినముల బిడ్డ రోజునకు ఆరుమారులైనను మూత్రము పోయవలయును. నల్లని విరేచనము నాలుగైదు దినములకు పసుపుపచ్చగా మారవలయును. పుట్టిన వారములో బరువు కొంచెము తగ్గుట సహజమే గాని పదింట ఒకవంతుకు మించరాదు. పది పదునాలుగు దినములలో తొలి బరువునకు తిరిగి రావలయును. పిదప మూడు నెలలవరకు దినమునకు ఇంచుమించు 20 మొదలు 30 గ్రాములు పెరుగవలయును. రెండు మూడు వారములకు రొమ్ములు మెత్తబడుట పాలు తగ్గుట గాదు; బిడ్డకు కావలసినంతయే ఊరుట శరీరము నేర్చుకొన్నదనుటకు గుర్తు. సాయంకాలపు ఏడ్పు చాలమంది పసిబిడ్డలకు కలదు. భుజముపై వేసికొని త్రేన్పు వచ్చువరకు వీపు నిమురుట, ఎత్తుకొని తిరుగుట దానికి చాలును. త్రాగిన పిదప కొంచెము పాలు కక్కినను, బరువు పెరుగుచున్నచో భయము లేదు.

నిజముగా తక్కువైనచో మొదట పట్టు సరిచూచి, మారులు పెంచి, రెండువైపుల ఈయవలయును. బిడ్డను ఒంటికి ఆనించి పడుకొనబెట్టుకొనుటయు మేలు చేయును. తల్లికి కడుపునిండ తిండి, దాహము తీర నీరు కావలయును. బాలింతకు నీరు తగ్గించి, కారపు పొడులతో దినములు గడపించుట మంచిది గాదు. వెల్లుల్లి, మెంతులు, మునగాకు ఆహారముగా తినవచ్చును గాని బిడ్డ చీకుటకు సాటివచ్చు ఔషధము లేదు. ఇన్ని చేసినను చాలకున్నచో కారణము వేరుగా నుండవచ్చును: కాన్పులో ఎక్కువ రక్తస్రావము, మాయముక్క లోపల నిలుచుట, థైరాయిడ్ లోపము, రొమ్మునకు జరిగిన శస్త్రచికిత్స మున్నగునవి. అట్టి తల్లి వైద్యసహాయమునకు అర్హురాలు, నిందకు గాదు.

డబ్బాపాలును ఉగ్గుగిన్నెయు

డబ్బాపాల ప్రకటనలకు తల్లులు మోసపోకుండుటకై 1981లో ప్రపంచ ఆరోగ్యసభ ఒక నియమావళిని అంగీకరించెను. మన దేశమున 1992లో చట్టము చేసి, 2003లో దానిని మరింత బిగించి, రెండేండ్లలోపు బిడ్డలకై అమ్ము పాలడబ్బాలను ప్రకటించుటను నిషేధించిరి. వైద్యుడు అవసరమని చెప్పినప్పుడు వాడుట తప్పు గాదు. అప్పుడు కాచిన నీటితో, డబ్బాపై వ్రాసిన కొలత ప్రకారమే కలుపవలయును. ఖరీదెక్కువని పలుచగా కలిపినచో బిడ్డ క్షీణించును. మిగిలినది దాచి మరల పట్టరాదు. ఆరునెలలలోపు బిడ్డకు ఆవుపాలను నీళ్ళు కలిపి పోయుటయు తగదు. సీసాకంటె మన పెద్దల ఉగ్గుగిన్నె మేలు. ఇరుకైన మూలలు లేవు గనుక కడిగి ఉడికించుట సులభము, బిడ్డ రొమ్మును మరువదు.

బడులలోను కచేరీలలోను పనిచేయు తల్లులు పాలను పిండి ఉంచవచ్చును. చేతులు కడుగుకొని, బొటనవ్రేలు పైన, తక్కిన వ్రేళ్ళు క్రింద, చనుమొనకు రెండంగుళములకు లోపుగా ఉంచి, మొదట రొమ్మువైపునకు నొక్కి, పిదప వ్రేళ్ళను దగ్గరకు తెచ్చినచో పాలు వచ్చును. ఉడికించిన మూతగిన్నెలో పట్టిన ఆ పాలు 25 డిగ్రీలకు మించని చల్లనిచోట నాలుగు గంటలు, రిఫ్రిజిరేటరులో నాలుగు దినములు నిలువయుండును. మన ఎండాకాలమున మాత్రము వెంటనే చల్లనిపెట్టెలో పెట్టుటయే క్షేమము. ఆ పాలను కాచరాదు. గిన్నెను వేడినీటిలో నిలిపి వెచ్చచేయవలయును. నెలలు నిండక పుట్టిన బిడ్డలు చీకలేనప్పుడును పిండినపాలే ప్రాణాధారము. తల్లిపాలు దొరకని పసివారికై ఇతర తల్లులు దానము చేసిన పాలను శుద్ధిచేసి ఇచ్చు నిధి, ఆసియాఖండమున మొదటిది, 1989లో బొంబాయి సయన్ ఆసుపత్రిలో ఏర్పడెను.

వెంటనే పోవలసిన వేళలు

బిడ్డ పాలు మానినను, లేపినను లేవక సోలుచున్నను, ఒళ్ళు కాలుచున్నను చల్లబడినను, ఊపిరి వడిగా తీయుచు డొక్కలెగురవేయుచున్నను, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినను, ఆరేడు గంటలకు మూత్రము రాకున్నను, ఆకుపచ్చని వాంతులైనను తెల్లవారువరకు వేచియుండరాదు. కామెర్లకు ఎండలో పడుకొనబెట్టుట చికిత్స గాదు. ఊరిలోని ఆశా కార్యకర్తను పిలిచి ఆసుపత్రికి పోవలయును.

ఇంటివారికి మనవి

తల్లికి ఎన్ని చెప్పినను ఇంటివారు తోడుపడనిచో నిష్ఫలము. రెండవ కాన్పునకు మా అత్తగారితో నా భయమంతయు చెప్పుకొంటిని. ఆమె అంతయు విని, "ఈమారు పాలు లేవను మాట ఈ యింట ఎవ్వరును అనగూడదు" అని శాసించెను. నేను కూర్చుండగానే నా వీపునకు దిండు పెట్టి, చెంబుతో నీళ్ళు అందించెడిది. మా వారు బడినుండి వచ్చి పెద్దవానిని ఆడించెడివారు. మొదటి పదిదినములు నొప్పులును కన్నీళ్ళును లేకపోలేదు. పదునొకండవనాడు పాప గుటకలు వేయు చప్పుడు నాకు స్పష్టముగా వినబడెను. రెండేండ్లు పాలిచ్చితిని.

కావున అత్తలారా, అమ్మలారా, ఆడబిడ్డలారా! పాలిచ్చు పిల్లను చూచి "పాలున్నవా?" అని అడుగకుడు, "ఏమి కావలయునమ్మా?" అని అడుగుడు. ఆమె ఒడిలో బిడ్డ యుండగా పొయ్యిమీది పాలు పొంగినచో పిలువకుడు. మీలో ఎవరైన ఒకరు లేచి దింపుడు. పాప మా యశోదకు ఆ పూట ఇంట మరియొక చేయి దొరకలేదు!